ప్రాంతీయ ఎర్గోనామిక్స్ బృందం: ఏడాది కార్యక్రమాలు నడిపే పద్ధతి

"బృందం పెట్టుకున్నాం. మొదటి రెండు సమావేశాలు బాగా జరిగాయి. మూడోదానికి సగం మందే వచ్చారు. ఇప్పుడేం చేయాలి?" హ్యూమన్ ఫ్యాక్టర్స్, ఎర్గోనామిక్స్ (పనినీ పరికరాలనూ మనిషికి తగ్గట్టు అమర్చే శాస్త్రం) రంగంలో స్థానిక బృందాలు నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. నా జవాబు: ఉపన్యాసాలు తగ్గించండి, సభ్యులంతా కలిసి నిజంగా జరుగుతున్న ఒక పనిని చూసే సందర్భాలు పెంచండి.

ఉపన్యాసం ఇంట్లో కూర్చుని కూడా వినొచ్చు. ఒక ఫ్యాక్టరీ లైన్ దగ్గరో, కంట్రోల్ రూమ్‌లోనో రెండు గంటలు నిలబడి చూసే అవకాశం మాత్రం ఒక్కరు వెళ్లి అడిగితే దొరకదు. బృందం ఉన్నది అందుకే. కాబట్టి ఇక్కడ పని చోటి సందర్శనకూ, దాని వెంట వచ్చే వర్క్‌షాప్‌కూ ఎక్కువ చోటిచ్చాను. మిగతావి అవసరమైనంత మేరకే.

## 1. ముందు ఎవరెవరున్నారో చూసుకోండి

ఈ రంగంలోకి అందరూ ఒకే చదువు చదివి రారు. సేఫ్టీ ఆఫీసర్లు, ఫిజియోథెరపిస్టులు, ఇండస్ట్రియల్ ఇంజినీర్లు, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు, సాఫ్ట్‌వేర్ డిజైనర్లు, వైద్య పరికరాలు తయారుచేసేవాళ్లు, విద్యార్థులు ఒకే గదిలో కూర్చుంటారు. కార్యక్రమాలు వేసేవాళ్లు తెలియకుండానే తమ వైపే వేసుకుంటారు. కన్వీనర్ ఫిజియోథెరపిస్ట్ అయితే ఏడాదంతా నడుం నొప్పి, కుర్చీలే నడుస్తాయి. డిజైనర్లు మెల్లగా రావడం మానేస్తారు.

ఇంటర్నేషనల్ ఎర్గోనామిక్స్ అసోసియేషన్ ఈ రంగాన్ని మూడు భాగాలుగా చూస్తుంది. భంగిమలు, బరువులు, పదేపదే చేసే కదలికలు శారీరక భాగం. దృష్టి, జ్ఞాపకం, నిర్ణయాలు, పొరపాట్లు మేధో భాగం. షిఫ్టులు, జట్టు పని, సమాచారం చేతులు మారే తీరు సంస్థాగత భాగం. ఒక కాగితం మీద ఈ మూడు గళ్లు గీసి ప్రతి సభ్యుడి పేరూ ఏదో ఒక గడిలో రాయండి. ఏడాదిలో మూడు గళ్లకూ కనీసం ఒక పెద్ద కార్యక్రమం దక్కాలి.

సభ్యత్వ ఫారంలో అడగాల్సినవి:

☐ ప్రస్తుతం చేస్తున్న పని (హోదా కాదు, రోజువారీ పని)
☐ ఏ పద్ధతులు వాడారు, ఏవి నేర్చుకోవాలని ఉంది
☐ తమ సంస్థలో సందర్శనకు అనుమతి ఇప్పించగలరా
☐ ఏ వారం, ఏ సమయం కుదరదు
☐ వినడం, చూడడం, నడవడం విషయంలో ఏమైనా ఏర్పాట్లు కావాలా

మూడో ప్రశ్న దగ్గర సిగ్గుపడకండి. ఏడాదికి సరిపడా సందర్శనలు సాధారణంగా అక్కడి నుంచే వస్తాయి.

మీది పెద్ద సంస్థకు అనుబంధ బృందం అయితే పేరు, లోగో వాడకం గురించి ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. అమెరికాలోని హ్యూమన్ ఫ్యాక్టర్స్ అండ్ ఎర్గోనామిక్స్ సొసైటీకి స్థానిక చాప్టర్లున్నాయి, బ్రిటన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎర్గోనామిక్స్ అండ్ హ్యూమన్ ఫ్యాక్టర్స్‌కు ప్రాంతీయ గ్రూపులున్నాయి. ఇలాంటి మాతృసంస్థలకు సొంత నియమావళి ఉంటుంది.

## 2. క్యాలెండర్ పలచగా ఉంచండి

నెలకో కార్యక్రమం అని ప్రకటించి నాలుగో నెలకే చేతులెత్తేయడం కంటే, తక్కువ చెప్పి అన్నీ జరపడం మేలు. కొత్త బృందానికి ఏడాదికి ఇవి చాలు:

- రెండు పని చోటి సందర్శనలు
- ఒక్కో సందర్శన తర్వాత ఒక్కో వర్క్‌షాప్
- మూడు సాయంత్రపు ప్రసంగాలు
- విద్యార్థులకు ఒక రోజు
- వార్షిక సమావేశం

ముందు సందర్శనల తేదీలు ఖాయం చేసుకోండి. ఆతిథ్యమిచ్చే సంస్థ వీలును బట్టే మిగతావన్నీ సర్దుకోవాలి. వర్క్‌షాప్ సందర్శన తర్వాత మూడు వారాలు దాటకూడదు. అంతకు మించితే చూసింది మరిచిపోతారు.

## 3. పని చోటి సందర్శన

### 3.1 ఆతిథ్య సంస్థను అడగడం

ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. అందులో నాలుగు విషయాలు ఉండాలి: ఎవరు వస్తారు, ఎంతసేపు ఉంటారు, ఏం చూస్తారు, తిరిగి సంస్థకు ఏమిస్తారు. ఈ చివరిదే అనుమతి తెచ్చిపెడుతుంది. "మా సభ్యులు గమనించిన విషయాలు రెండు పేజీల్లో మీకు మాత్రమే ఇస్తాం, ఎక్కడా ప్రచురించం" అని స్పష్టంగా రాయండి.

"మీ పని చోటులో లోపాలు వెతుకుతాం" అనే అర్థం వచ్చే మాట ఎక్కడా పడకుండా చూసుకోండి. ఆడిట్ అనే మాట అసలే వద్దు. ఆ మాట వినగానే న్యాయ విభాగానికి పంపిస్తారు, మీ ఉత్తరం అక్కడే ఉండిపోతుంది.

మొత్తం ప్లాంటు చూపించమని అడగకండి. ఒక లైను, ఒక వార్డు, ఒక గోదాం విభాగం చాలు. ప్లాంటంతా తిప్పి చూపించే పర్యటనలో నడక తప్ప పరిశీలన ఉండదు.

### 3.2 ముందస్తు చూపు

అసలు రోజుకు పదిరోజుల ముందు ఇద్దరు వెళ్లి చూసి రావాలి. ఒకరు శారీరక వైపు తెలిసినవాళ్లు, ఇంకొకరు మేధో వైపు తెలిసినవాళ్లు అయితే మంచిది. వాళ్లు తేల్చుకురావాల్సినవి:

☐ ఎంతమంది నిలబడితే పనికి అడ్డం రాదు (ఒక్కో పని దగ్గర నలుగురికి మించి వద్దు)
☐ ఏ సమయంలో అసలు పని జోరుగా ఉంటుంది
☐ శబ్దం ఎంత, మాట వినబడుతుందా
☐ హెల్మెట్, సేఫ్టీ బూట్లు ఎవరిస్తారు, ఏ సైజులు కావాలి
☐ ఫోటో, వీడియో, కొలతలు: దేనికి అనుమతి ఉంది, దేనికి లేదు
☐ పని చేసేవాళ్లకూ, వాళ్ల ప్రతినిధులకూ సందర్శన సంగతి చెప్పారా
☐ మెట్లు ఎక్కలేనివాళ్లకు దారి ఉందా

చివరి నుంచి రెండోది చాలామంది వదిలేస్తారు. పదిమంది కొత్తవాళ్లు నోట్‌బుక్కులు పట్టుకుని వచ్చి తన చేతులవైపే చూస్తుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఎందుకొచ్చారో తెలియకపోతే మనుషుల్ని తగ్గించడానికి వచ్చారనే అనుకుంటారు. అప్పుడు మీరు చూసేది రోజూ జరిగే పని కాదు, మీకోసం జరిగే పని.

### 3.3 సభ్యులకు ముందుగా చెప్పాల్సినవి

సందర్శన రోజు గేటు బయట పదిహేను నిమిషాలు దీనికే కేటాయించండి.

- స్టాప్‌వాచ్‌తో ఎవరి వేగాన్నీ కొలవొద్దు.
- పనివాళ్ల ముందు ఒకరితో ఒకరు గుసగుసలాడొద్దు, తలలు ఊపొద్దు.
- అక్కడికక్కడే సలహాలివ్వొద్దు. పని చేసేవాళ్ల భంగిమ సరిదిద్దడం అస్సలు కూడదు.
- కంట్రోల్ రూమ్‌లో అలారం మోగితే మాట ఆపి గోడవైపు జరగాలి.
- ఆసుపత్రిలో రోగి కనిపించే ఫోటో, రోగి పేరున్న కాగితం ఫోటో తీయకూడదు.

తర్వాత ఇద్దరిద్దరిని జతలు చేసి, ఒక్కో జతకు చూడాల్సినదేంటో చెప్పండి. అందరూ అన్నీ చూస్తే అందరి నోట్సూ ఒకేలా ఉంటాయి. వేర్వేరు నేపథ్యాల వాళ్లను జత చేయడం మరీ ముఖ్యం. వీపు వంపు చూసేవాళ్ల పక్కన డిస్‌ప్లేలు చూసేవాళ్లుంటే ఇద్దరికీ కొత్త సంగతులు కనిపిస్తాయి.

### 3.4 ఏం చూడాలి

జతల పరిశీలన కార్డు మీద ఇవి అచ్చువేయండి:

☐ చేతులు ఎంత దూరం, ఎంత ఎత్తు చాచాల్సి వస్తోంది
☐ కళ్లు దేనికోసం వెతుకుతున్నాయి, ఎన్ని చోట్లకు మారుతున్నాయి
☐ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటి, దాన్ని ఎక్కడైనా రాసుకుంటున్నారా
☐ ఎక్కడ ఆగి ఇంకొకరి కోసం ఎదురుచూడాల్సి వస్తోంది
☐ షిఫ్ట్ మారేటప్పుడు ఏ సమాచారం ఎలా చేతులు మారుతోంది
☐ పనివాళ్లు సొంతంగా చేసుకున్న సర్దుబాట్లు

ఈ చివరి గడి నిండకపోతే మళ్లీ వెళ్లి చూడమనండి. మీట మీద అంటించిన రంగు టేపు, ప్యానెల్ మీద చేత్తో రాసిన చీటీ, మోకాలి కింద పెట్టుకున్న అట్టముక్క, పీట మీద ఎక్కి నిలబడటం: ఇవన్నీ డిజైన్ ఎక్కడ తప్పిందో పనివాళ్లే గుర్తుపెట్టి చూపించిన చోట్లు. మాన్యువల్‌లో రాసిన పనికీ చేతుల్లో జరిగే పనికీ తేడా అక్కడ బయటపడుతుంది. ఆ చీటీని చూసి క్రమశిక్షణ లేదనుకునే సభ్యులుంటే, వాళ్లను వచ్చేసారి అనుభవం ఉన్నవాళ్లతో జత చేయండి.

### 3.5 పనివాళ్లను అడగడం

అనుమతి ఉంటేనే, పని ఆగినప్పుడే. సూపర్‌వైజర్ పక్కనుండగా "నొప్పులున్నాయా?" అని అడిగితే "ఏం లేవండీ" అనే జవాబే వస్తుంది. ఇలా అడిగి చూడండి:

"కొత్తవాళ్లకు ఈ పని నేర్పాల్సి వస్తే మొదట ఏ జాగ్రత్త చెప్తారు?"

"ఈ పని ఎలాంటి రోజున కష్టమవుతుంది?"

"ఇక్కడ ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తారు?"

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మిగతా సందర్శనంత విలువ చేస్తుంది. విని రాసుకోండి, వాదించకండి. పేర్లు రాసుకోవద్దు.

### 3.6 అదే రోజు చర్చ

ఇంటికెళ్లాక ఈమెయిల్‌లో పంపండి అంటే నోట్సు రావు. దగ్గర్లోనే ఒక గది చూసుకుని గంటసేపు కూర్చోండి. బోర్డు మీద మూడు నిలువు గళ్లు గీయండి: చూసింది, అనుకున్నది, చేయదగ్గది.

"పెట్టె తీసేటప్పుడు నడుం బాగా వంగుతోంది" అన్నది చూసింది. "అర బాగా కింద ఉండడమే కారణం" అన్నది అనుకున్నది. "బరువైన పెట్టెలు నడుం ఎత్తు అరలోకి మార్చాలి" అన్నది చేయదగ్గది. సభ్యులు మొదటి గడి దాటేసి మూడోదానిలోకి దూకుతారు, ముఖ్యంగా సీనియర్లు. చర్చ నడిపేవాళ్లు వాళ్లను వెనక్కి లాగాలి: "మీరు చూసిందేమిటి, అది చెప్పండి ముందు."

మూడో గడిలో "పనివాళ్లకు సరిగ్గా బరువెత్తడం నేర్పాలి" అనే వాక్యం తప్పకుండా వస్తుంది. దాన్ని కొట్టేయకండి, అట్టడుగున రాయండి. పనిని, పరికరాన్ని, అమరికను మార్చే దారులు పైన రావాలి. శిక్షణ వాటి తర్వాతే.

సంస్థకిచ్చే రెండు పేజీల్లో మూడు రకాల సూచనలు విడదీయండి: ఈ వారమే చేయగలిగినవి, ఖర్చుతో కూడినవి, ఇంకా పరిశీలించాకే చెప్పగలిగినవి. పంపే ముందు మీతోపాటు నడిచిన సంస్థ ప్రతినిధికి ఒకసారి చూపించండి. ఫలానా కార్మికుడు అని గుర్తుపట్టే వివరం ఏదీ మిగలకూడదు.

## 4. సందర్శన తర్వాతి వర్క్‌షాప్

ఇక్కడ ఒక పద్ధతిని అందరూ చేతులారా చేయాలి. ఒక వర్క్‌షాప్‌కు ఒకే పద్ధతి. మూడు పద్ధతులు మధ్యాహ్నంలోపు పరిచయం చేస్తే ఏదీ పట్టుబడదు.

### 4.1 బరువులెత్తే పని చూసి వస్తే

నయోష్ (అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ) బరువు సమీకరణం నేర్పండి. ఎంత బరువు వరకు ఎత్తొచ్చో ఇది లెక్కగడుతుంది. అనువైన పరిస్థితుల్లో 23 కిలోలతో మొదలుపెట్టి, పరిస్థితి దిగజారిన కొద్దీ గుణకాలతో తగ్గిస్తూ పోవడం దీని పద్ధతి. బోర్డు మీద ఈ లెక్క చేయించండి:

పెట్టె బరువు 15 కిలోలు. చీలమండల మధ్య నుంచి చేతుల వరకు అడ్డంగా దూరం 50 సెం.మీ. చేతులు నేల నుంచి 30 సెం.మీ. ఎత్తులో మొదలై 90 సెం.మీ. ఎత్తుకు వెళ్తాయి. నడుం తిప్పడం లేదు, పట్టు బాగుంది, ఐదు నిమిషాలకోసారికి మించి ఎత్తరు, గంటలోపు పని.

- అడ్డ దూరం గుణకం: 25 ÷ 50 = 0.50
- ఎత్తు గుణకం: 1 − 0.003 × (75 − 30) = 0.865
- ఎత్తే దూరం గుణకం: 0.82 + 4.5 ÷ 60 = 0.895
- మిగతావి 1

23 × 0.50 × 0.865 × 0.895 అంటే సుమారు 8.9 కిలోలు. ఎత్తదగ్గ పరిమితి ఇదే. ఉన్న బరువు 15, దాన్ని పరిమితితో భాగిస్తే వచ్చే సూచిక 1.7 దగ్గర. ఒకటి దాటితే కొందరికి ముప్పు పెరుగుతుందని అర్థం.

ఇప్పుడు పెట్టెను 20 సెం.మీ. మేర మనిషి వైపు జరపనివ్వండి. అడ్డ దూరం 30 అయితే గుణకం 0.83, పరిమితి 14.8 కిలోలు, సూచిక దాదాపు 1. బరువు ఒక్క గ్రాము తగ్గించలేదు. పెట్టెకూ మనిషికీ మధ్య దూరం తగ్గించారంతే. ఈ ఒక్క లెక్క చేసినవాళ్లు తర్వాత ఏ గోదాంలోకి వెళ్లినా టేపు తీసి మొదట ఆ దూరమే కొలుస్తారు.

ఒంటిచేత్తో ఎత్తడం, కూర్చుని లేదా మోకాళ్ల మీద ఎత్తడం, నెట్టడం, లాగడం, మోసుకెళ్లడం లాంటి పనులకు ఈ సమీకరణం వర్తించదని చెప్పడం మరవొద్దు.

### 4.2 భంగిమలు ముఖ్యమైన పని అయితే

రూలా తీసుకోండి. చేతులు, మెడ, నడుం భంగిమలను చూసి స్కోరు వేసే పద్ధతి ఇది. చివరి స్కోరు 1 నుంచి 7 వరకు ఉంటుంది. 7 వస్తే వెంటనే పరిశీలించి మార్చాలి. నేర్పే క్రమం:

1. ఒకే వీడియో అందరికీ చూపించండి.
2. ఎవరికి వాళ్లు స్కోరు వేయాలి, మాట్లాడుకోకూడదు.
3. స్కోర్లన్నీ బోర్డు మీద రాయండి.
4. తేడా ఎక్కడొచ్చిందో ఒక్కో శరీర భాగం వారీగా వెనక్కి వెళ్లి చూడండి.

అసలు చదువు నాలుగో మెట్టులో ఉంది. తేడాలు సాధారణంగా మూడు చోట్ల పుడతాయి. ఒకరు అత్యంత చెడ్డ భంగిమ ఎంచుకుంటారు, ఇంకొకరు ఎక్కువసేపు ఉండే భంగిమ ఎంచుకుంటారు. కెమెరా సరిగ్గా పక్క నుంచి లేకపోతే కోణం తప్పు కనిపిస్తుంది. పై చేయి కోణం 45 డిగ్రీల హద్దుకు దగ్గరగా ఉంటే చిన్న తేడాకే గడి మారిపోతుంది. ఏ భంగిమకు స్కోరు వేస్తున్నామో ముందే రాసుకునే అలవాటు చేయించండి.

### 4.3 మానసిక భారం, తెరలు అయితే

పని ఎంత భారంగా అనిపించిందో చేసినవాళ్లే గుర్తుపెట్టే పత్రం నాసా టీఎల్‌ఎక్స్. అందులో ఆరు కొలమానాలున్నాయి. పనితీరు కొలమానం మాత్రం మిగతావాటిలా "తక్కువ, ఎక్కువ" అని ఉండదు. దానికి ఎడమ చివర మంచి పనితీరు, కుడి చివర వైఫల్యం. చాలామంది తిరగేసి గుర్తుపెడతారు. కాగితం ఇచ్చే ముందు ఆ ఒక్కటి నోటితో చెప్పించాలి.

ఒక తెర లేదా పరికరం వాడడం ఎంత తేలికో వాడినవాళ్లను అడిగే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్‌లో పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు స్కోరు. బేసి సంఖ్య వాక్యాల స్కోరులోంచి 1 తీసేయాలి, సరి సంఖ్య వాక్యాల స్కోరును 5లోంచి తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. వచ్చేది 0 నుంచి 100 మధ్య ఉంటుంది కానీ అది శాతం కాదు. 70 వచ్చిందని "డెబ్భై శాతం మందికి నచ్చింది" అని రిపోర్టుల్లో రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

## 5. ప్రసంగాలు

వక్తకు ముందే చెప్పండి: నలభై నిమిషాల మాట, అరగంట చర్చ, అనుకున్నట్టు జరగని ఒక ప్రాజెక్టు వివరం తప్పనిసరి. విజయాల స్లైడ్లు ఎక్కడైనా దొరుకుతాయి.

కుర్చీలు, టేబుళ్లు, సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలు ఉచితంగా మాట్లాడతామని ముందుకొస్తాయి. ఒప్పుకోవచ్చు, ఒక షరతు మీద: వస్తువు పేరు చివరి ఐదు నిమిషాల్లోనే, పోటీ వస్తువుల లోపాలు అసలు వద్దు.

గది సంగతి కూడా చూసుకోండి. వెనక వరుసకు స్లైడు కనిపించని, మైకు లేని, గంటన్నరసేపు విరామమే ఇవ్వని ఎర్గోనామిక్స్ సమావేశాలు నిజంగానే జరుగుతుంటాయి. బయటివాళ్లు నవ్వుకోకముందే మనమే సరిచేసుకోవాలి.

☐ వెనక కుర్చీలో కూర్చుని స్లైడు చదివి చూశారా
☐ మైకు ప్రశ్నలడిగేవాళ్ల దాకా వెళ్తుందా
☐ వీల్‌చైర్‌కు గది మధ్యలో చోటుందా, చివర్లోనే ఉందా
☐ ఆన్‌లైన్‌లో వినేవాళ్ల ప్రశ్నలు చదవడానికి ఒక మనిషి ఉన్నారా

## 6. విద్యార్థులు, కొత్తవాళ్లు

విద్యార్థుల రోజు అంటే ఉద్యోగ సలహాల ఉపన్యాసం కాదు. రోజువారీ వస్తువు ఒకటి ఇచ్చి, మూడు గంటల్లో వాడేవాళ్లను గమనించి, పోస్టర్ చేసి చెప్పమనండి. తీర్పు చెప్పేవాళ్లు ఎదురు ప్రశ్నలు వేయాలి: ఎవరిని చూశారు, ఎవరిని చూడలేదు, ఎడమచేతి వాటం వాళ్లు వాడారా?

ప్రతి కొత్త సభ్యుడినీ మొదటి సందర్శనలో ఒక పాత సభ్యుడితో జత చేయండి. హాజరు పత్రంలో తేదీ, అంశం, గంటలు రాయండి. వృత్తి ధ్రువీకరణ నిలబెట్టుకునేవాళ్లకు ఆ వివరాలు అవసరమవుతాయి.

## 7. డబ్బు, నియమాలు

ఒక పేజీలో రాసుకోండి. ఖాతా మీద ఇద్దరి సంతకాలు, ఏటా సభ్యుల ముందు లెక్క, సందర్శనల్లో చూసిన విషయాల గోప్యత. వీటితో పాటు ఇంకొకటి: సందర్శన ఇచ్చిన సంస్థను కన్సల్టెన్సీ పని అడగాలనుకునే సభ్యుడు ముందు కార్యవర్గానికి చెప్పాలి. ఇది లేకపోతే రెండేళ్లలో ఎవరూ తలుపు తీయరు.

## 8. తరచూ వచ్చే చిక్కులు, సరిచేసే దారులు

హాజరు పడిపోతోంది. రానివాళ్లకు ఫోన్ చేసి అడగండి, సర్వే పంపకండి. చాలాసార్లు కారణం అంశం కాదు, సమయం. లేదా మొదట్లో సభ్యుల పేర్లు రాసిన మూడు గళ్లలో వాళ్ల గడికి కార్యక్రమమేదీ దక్కలేదు.

చర్చలో ఇద్దరే మాట్లాడుతున్నారు. ముందు రెండు నిమిషాలు అందరూ కాగితం మీద రాయాలి. తర్వాత అతి తక్కువ అనుభవం ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి.

సంస్థ చివరి నిమిషంలో వద్దంది. ప్రతి సందర్శనకూ ఒక వీడియో ఆధారిత వర్క్‌షాప్ సిద్ధంగా ఉంచుకోండి. తేదీ మార్చకండి, కార్యక్రమం మార్చండి.

సంస్థ "అంతా బాగుందని రాసివ్వండి" అంటోంది. రాయొద్దు. రెండు గంటల చూపు సర్టిఫికెట్‌కు సరిపోదని మర్యాదగా చెప్పండి. మొదటి ఉత్తరంలోనే ఈ మాట ఉంటే ఇబ్బంది రాదు.

ప్రమాదకరమైన విషయం కంటపడింది. రెండు పేజీల రిపోర్టు దాకా ఆగొద్దు. ఆ రోజే, గేటు దాటకముందే, సంస్థ ప్రతినిధికి విడిగా చెప్పి, చెప్పినట్టు రాసుకోండి.

పనంతా ఒక్కరే చేస్తున్నారు. సందర్శనకు ఒకరు, వర్క్‌షాప్‌కు ఒకరు, గదికీ భోజనాలకూ ఒకరు. ముగ్గురు దొరకకపోతే ఆ నెల కార్యక్రమం వద్దు.

## 9. కార్యవర్గం మారేటప్పుడు

కొత్తవాళ్లకు అప్పగించే ఫైల్లో ఉండాల్సినవి:

☐ ఆతిథ్య సంస్థల జాబితా, అక్కడ ఎవరి ద్వారా అనుమతి వచ్చింది
☐ పంపిన ఉత్తరాల నకళ్లు, వచ్చిన జవాబులు (వద్దన్నవి కూడా)
☐ పరిశీలన కార్డులు, వర్క్‌షాప్ వీడియోలు, వాటి అనుమతి పత్రాలు
☐ ఖాతా వివరాలు, సంతకాల మార్పు ఫారం
☐ ప్రతి కార్యక్రమం మీద అరపేజీ: ఎంతమంది వచ్చారు, ఏది కుదరలేదు

పాత కన్వీనర్ తర్వాతి మొదటి సందర్శనకు మామూలు సభ్యుడిగా వెళ్లి, ఆతిథ్య సంస్థ ప్రతినిధిని కొత్త కన్వీనర్‌కు స్వయంగా పరిచయం చేయాలి. ఫోన్ నంబరు ఫైల్లో రాసిపెడితే సరిపోదు, ఎందుకంటే అవతలివాళ్లు నమ్మి తలుపు తీసింది ఆ మనిషిని చూసి.